ఎండిన నెలలూ లెక్కలోవే: సిక్కోలు ఏర్లు, బీలలు, తంపరలు

శ్రీకాకుళం జిల్లా సోంపేట ప్రాంతంలో సముద్రానికి దగ్గరగా పరుచుకున్న పల్లపు నేలను అక్కడివాళ్లు బీల అంటారు. థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం ఆ నేలను కేటాయించినప్పుడు కాగితాల మీద అది పనికిరాని బంజరు. చుట్టూ ఉన్న రైతులకూ మత్స్యకారులకూ మాత్రం అది ఎత్తిపోతల నీరు, చేప, పశువుల మేత, తుంగ. 2010 జూలై 14న ఆ వివాదం పోలీసు కాల్పుల దాకా వెళ్లి ప్రాణాలు తీసింది. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది.

ఒకే నేల ఇద్దరికి రెండు రకాలుగా ఎలా కనబడింది? అందులో ఎవరి ప్రయోజనాల పాలు ఎంతో చెప్పడం ఈ వ్యాసం పని కాదు. కానీ ఆ ప్రయోజనాలకు ఆసరా ఇచ్చిన ఒక అపోహ ఉంది. నీళ్లు కనబడితేనే నీటి ఆవాసం అనుకోవడం. ఆ లెక్కన మే నెలలో నాగావళి ఏరు కాదు, ఇసుక మైదానం. ఏప్రిల్‌లో బీల పొలం. వేసవి చివర సగం చెరువులు ఆటస్థలాలు. జీవావరణ శాస్త్రం ఈ ప్రశ్నను వేరే చోట మొదలుపెడుతుంది. నీరు ఎంత ఉందన్నది దానికి ఒక సంగతి మాత్రమే. ఎప్పుడు వస్తుంది, ఎన్నాళ్లు నిలుస్తుంది, ఎప్పుడు దిగిపోతుంది, ఈ మూడూ ఏటేటా ఏ వరసలో జరుగుతాయి అన్నది అసలు సంగతి. ఆ వరసకు అలవాటుపడిన ప్రాణులే అక్కడ బతుకుతాయి.

చిత్తడి నేలను గుర్తుపట్టడానికి నిపుణులు మూడు ఆనవాళ్లు చూస్తారు: నీటి రాకపోకలు, మొక్కలు, మట్టి. మొదటి రెండూ ఎండాకాలంలో మాయమైనట్టు అనిపించినా మూడోది ఎక్కడికీ పోదు. ఏడాదిలో కొన్ని నెలలు నీట మునిగిన మట్టిలోకి గాలి ఆడదు. గాలి లేనప్పుడు మట్టిలోని ఇనుము తన ఎరుపు వదులుకుని కరిగిపోతుంది, మట్టి బూడిద రంగుకో నీలిబూడిదకో తిరుగుతుంది. నీరు దిగినప్పుడు వేళ్లు చేసిన సన్నటి దారుల వెంట గాలి చొరబడి, అక్కడక్కడ తుప్పు మరకలు పెడుతుంది. అలాంటి నేలలో మే నెల మధ్యాహ్నం పలుగుతో ఒక మూర లోతు తవ్వినా ఈ బూడిద రంగు, తుప్పు మరకలు బయటపడతాయి. కాబట్టి ‘వేసవిలో వెళ్లాం, నీళ్లు కనబడలేదు’ అనే సాకు నిలవదు. తవ్వి చూడలేదన్నదే అసలు మాట.

తొలకరి నుంచి మళ్లీ తొలకరి దాకా

ఉత్తరాంధ్ర ఏర్లన్నీ వానను నమ్ముకున్నవే. మంచు కరిగి వచ్చే నీరు వీటికి లేదు. జూన్‌లో నైరుతి దిగాక కొండల మీది గెడ్డలు, అంటే వాగులు, నిండుతాయి, జూలై నుంచి సెప్టెంబర్ దాకా వరదలు, అక్టోబర్, నవంబర్లలో బంగాళాఖాతం వాయుగుండాలు తెచ్చే రెండో విడత, ఆ తర్వాత నెలల తరబడి తరుగుదల. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుపాను వచ్చిన ఏడాది వంశధార, మహేంద్రతనయ, బాహుదా ఒక్క రోజులో ఉగ్రరూపం ఎత్తుతాయి. మనుషుల దృష్టిలో వరద ఒక ఆపద. ఏటి దృష్టిలో అది ఏడాది పనుల్లో పెద్దది.

తొలి వాన పడగానే జరిగేదాన్ని వరసగా చూడాలి. నెలల తరబడి ఎండి, నెర్రెలు విచ్చిన మట్టి తడుస్తుంది. ఎండాకాలంలో చచ్చిన సూక్ష్మజీవులు, కుళ్లిన గడ్డి, పశువుల పేడ అన్నీ ఆ మట్టిలో పోగుపడి ఉంటాయి. తడి తగలగానే బతికి ఉన్న సూక్ష్మజీవులు ఒక్కసారిగా చురుకెక్కి వాటిని తింటాయి. నత్రజని, భాస్వరం నీటిలోకి విడుదలవుతాయి. ఆ పోషకాలతో కంటికి ఆనని నాచు పెరుగుతుంది. అదే సమయంలో మట్టిలో గుడ్ల రూపంలో పడుకుని ఉన్న చిన్న చిన్న రొయ్యజాతి జీవులు లేచి ఆ నాచు మీద పడతాయి. పది పదిహేను రోజుల్లో ఆ నీరు చేపపిల్లకు కావలసిన మేతతో నిండిపోతుంది. ఏడాది పొడవునా ఒకే మట్టంలో నిలిచి ఉన్న నీటిలో ఈ ఉప్పెన లాంటి ఎదుగుదల రాదు. ఎండడం వల్లే తడి పంట పండుతోందన్న మాట.

చేపలకు ఈ సంగతి తెలుసు. కొత్త నీరు దిగగానే కొర్రమీను, మార్పు, ఇంగిలాయి, పరిగెలు ఏటి నుంచి, చెరువుల నుంచి పిల్లకాలువల గుండా పొలాల్లోకి ఎదురెక్కుతాయి. మావులు, ఊతలు పట్టుకుని జనం కూడా ఆ దారుల్లోనే కాపుకాస్తారు. పొలంలో నీరు పల్చగా, వెచ్చగా ఉంటుంది. పెద్ద చేపల బెడద తక్కువ, మేత ఎక్కువ. పిల్ల పెరిగే చోటు అదే. నీరు తీసే వేళకు పిల్లలు ఏటికి తిరిగి దిగాలి. దిగే దారి మూసుకుపోతే మడుల్లోనే ఎండుతాయి, లేదా కొంగల పాలవుతాయి. అందుకని ఏటికీ దాని పక్క పల్లానికీ మధ్య ఉన్న రాకపోకల్ని ఏటి ఒడ్డు కన్నా ముఖ్యంగా చూస్తారు శాస్త్రవేత్తలు.

బొచ్చె, శీలావతి వంటి పెద్ద చేపలది ఇంకో పట్టుదల. నిలవ నీటిలో అవి పెరుగుతాయి గానీ గుడ్లు పెట్టవు. వరద నీరు పారి ఒడ్డు దాటినప్పుడే వాటి శరీరంలో గుడ్లు విడుదలయ్యే దశకు వస్తాయి. ఆ వరద చేసే పనిని ఇంజెక్షన్‌తో చేయించవచ్చని 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో మత్స్య శాస్త్రవేత్తలు హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి నిరూపించారు. ఏటా ఆ తేదీనే జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుతున్నారు. ఈ రోజు ఊరి చెరువుల్లో వదులుతున్న చేపపిల్లలు చాలా వరకు ఆ పద్ధతి బిడ్డలే. దానివల్ల చేప ఉత్పత్తి పెరిగిన మాట నిజం. ఏటి వరద లేకపోయినా చేపకు లోటు రాదన్న ధీమా కూడా అక్కడి నుంచే మొదలైంది. హేచరీ నుంచి వచ్చేవి లెక్కకు ఏడెనిమిది రకాలు. వరద పొలాల్లోకి ఎక్కే చిన్న చేపల రకాలు అంతకు ఎన్నో రెట్లు. వాటికి ఇంజెక్షన్ వేసేవారు ఎవరూ లేరు.

ఎండాకాలానికి వస్తే, నీరు పోయాక ప్రాణులు ఎటు పోతాయి? కొన్ని ఏటి మడుగుల్లో తలదాచుకుంటాయి. కొన్ని ఎగిరిపోతాయి. కొన్ని అక్కడే కిందకు దిగుతాయి. మంచినీటి నత్త బురదలోకి దిగి, తన గుల్లకు మూత బిగించుకుని వాన పడేదాకా నెలల తరబడి నిద్రపోతుంది. గట్టిపడిన ఆ మట్టిని ట్రాక్టర్‌తోనో జేసీబీతోనో ఎత్తి ఇటుక బట్టీకి తోలితే, ఆ మట్టితో పాటు వచ్చే ఏడాది నత్తలు కూడా పోతాయి. చెరువులో పూడిక తీయడం తప్పని చెప్పడం కాదు. పూడిక తీయకపోతే చెరువు మెల్లగా మెరక అవుతుంది, జమ్ము పాకుతుంది, చివరకు పొలమవుతుంది. అది కూడా ప్రకృతి నడకే. ఒక ఏడాది ఒక పక్క, మరుసటి ఏడాది ఇంకో పక్క తీస్తే సగం విత్తనం మిగులుతుంది. ఒకేసారి గిన్నెలా తోడేస్తే ఏమీ మిగలదు.

దీనికి వ్యతిరేక దిశలో జరిగే పొరపాటు కూడా ఉంది. పట్టణ చెరువుల ‘సుందరీకరణ’. గట్టుకు నిలువుగా రాతి కట్టడం, చుట్టూ నడక దారి, మధ్యలో బోటు, ఏడాదంతా ఒకే మట్టంలో నీరు. చెరువులో అన్నిటికన్నా ప్రాణం ఎక్కువ ఉండే భాగం అంచు: నీరు చీలమండ లోతు నుంచి మోకాటి లోతు దాకా మారుతూ ఉండే పల్చటి వాలు. తుంగ అక్కడే మొలుస్తుంది, తూనీగ పిల్ల అక్కడే పెరుగుతుంది, కొంగ అక్కడే నిలబడుతుంది. రాతి గోడ ఆ అంచును ఒక గీతగా మార్చేస్తుంది. చూడ్డానికి నిండుగా ఉన్న ఆ చెరువు మీద సాయంత్రం పూట ఎన్ని రకాల పక్షులు వాలుతున్నాయో లెక్కపెట్టిన వాళ్లకు ఆ తేడా తెలుస్తుంది.

నాగావళికి నాలుగు దిక్కులు

ఏరు అంటే పై నుంచి కిందికి పారే నీరు అని బడిలో చెబుతారు. జీవావరణ శాస్త్రం దానికి నాలుగు దిక్కులు చెబుతుంది: పొడవునా, అడ్డంగా, లోతుకు, కాలంలో. అడ్డంగా అంటే పైన చెప్పిన పొలాల సంబంధం. కాలం అంటే వాన, ఎండల వరస. మిగిలిన రెండిటికీ నాగావళి చక్కటి ఉదాహరణ.

నాగావళి ఒడిశాలోని కలహండి జిల్లా లఖబహల్ దగ్గర పుట్టి, రాయగడ మీదుగా పార్వతీపురం వైపు దిగి, దాదాపు 256 కిలోమీటర్లు పారి శ్రీకాకుళం దాటాక కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. దారిలో జంఝావతి వచ్చి చేరుతుంది. వంగర మండలం సంగాం దగ్గర సువర్ణముఖి, వేగావతి కలుస్తాయి. ఈ పొడవులో ఒకే ప్రాణి సమూహం ఉండదు. కొండల్లో, అడవి నీడలో గెడ్డ ఇరుకుగా, చల్లగా, రాళ్ల మీద పారుతుంది. ఎండ పడదు కాబట్టి నీటిలో నాచు తక్కువ, రాలిన ఆకు ఎక్కువ. ఆ ఆకును కొరికి ముక్కలు చేసే పురుగుల పిల్లలు అక్కడి ముఖ్య నివాసులు. మైదానంలోకి దిగాక ఏరు వెడల్పవుతుంది, ఎండ రాళ్ల మీద పడి నాచు పెరుగుతుంది, దాన్ని గీరి తినేవి ఎక్కువవుతాయి. ఇంకా కిందకు, పాలకొండ, ఆమదాలవలస దాటేసరికి పై నుంచి కొట్టుకొచ్చిన నలుసు, ఒండ్రు మీద బతికేవి, బురదలో తవ్వుకునేవి, నీటిని వడకట్టి తినే ఆల్చిప్పలు కనబడతాయి. పై వాళ్లు నమిలి వదిలిందే కింది వాళ్లకు భోజనం. రాయగడ కొండల్లో చెట్లు నరికితే శ్రీకాకుళం దగ్గర ఏటి అడుగు మారడానికి కారణం ఇదే.

ఈ పొడవును మధ్యలో తెంచేవి ఆనకట్టలు. నాగావళి మీద తోటపల్లి, నారాయణపురం, సువర్ణముఖి మీద మడ్డువలస, వంశధార మీద గొట్టా. సేద్యానికి ఇవి ఎంత అవసరమో ఈ జిల్లాల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అవి నీటితో పాటు ఆపేవి ఇంకో రెండున్నాయి. ఒకటి చేపల రాకపోకలు. సముద్రంలో గుడ్లు పెట్టి, పిల్లగా ఏరెక్కి పెరిగే మలుగుపాముకు గోడ గోడే. రెండోది ఇసుక, ఒండ్రు. జంఝావతి మీద రాజ్యలక్ష్మీపురం దగ్గర 2006లో కట్టిన రబ్బరు డ్యాం ఈ విషయంలో కాస్త వేరు. గాలి తీసేస్తే అది అడుగుకు అణిగిపోయి వరదను, వరదతో వచ్చే ఇసుకను సాగనిస్తుంది. దాన్ని కట్టింది ఒడిశాతో ఉన్న ముంపు తగాదా వల్లే గానీ చేపల మీద ప్రేమతో కాదు. అయినా మేలు మేలే.

నీటి పంపకాల భాషలో ఏరు అంటే టీఎంసీలు. వంశధారలో ఏడాదికి 115 టీఎంసీలు దొరుకుతాయని లెక్కగట్టి ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌లకు చెరి సగం అన్నారు. న్యాయంగా పంచడానికి అంతకన్నా మంచి పద్ధతి లేకపోవచ్చు. కానీ 57.5 టీఎంసీలు ఎప్పుడు పారాలన్నది ఆ అంకెలో లేదు. అంతా ఆగస్టులో పారినా లెక్క సరిపోతుంది. ఏటికి మాత్రం సరిపోదు. జనవరిలో మడుగుల్ని కలుపుతూ సన్నగా పారే ధార, జూలైలో ఒడ్డెక్కే వరద, రెండూ కావాలి. ఈ రెండిటి మధ్య తేడాయే ఆ ఏటి స్వభావం.

లోతుకు ఉన్న దిక్కును సిక్కోలు జనం చెలమల రూపంలో ఎప్పటి నుంచో ఎరుగుదురు. ఏప్రిల్‌లో పైన చుక్క నీరు కనబడని చోట రెండడుగులు ఇసుక తోడితే తేటనీరు ఊరుతుంది. నాగావళి ఇసుకలో దించిన ఊటబావుల నుంచే శ్రీకాకుళం పట్టణానికి తాగునీరు అందుతోంది. ముతక ఇసుక ఒక ఘనపు మీటరు నిండా తడిసి ఉంటే అందులోంచి 200 లీటర్ల పైచిలుకు నీరు దిగి వస్తుంది. అంటే కిలోమీటరు పొడవు, వంద మీటర్ల వెడల్పు, మీటరు లోతు ఇసుక తీసేస్తే రెండు కోట్ల లీటర్లకు పైగా నిలవ పోయినట్టు. అది ఒక్కసారి నష్టం కాదు, ఏటా నిండి ఏటా ఊరే గిడ్డంగి పోవడం. పైగా ఏటి అడుగు దిగిన కొద్దీ పక్క ఊళ్ల బావుల్లో నీటిమట్టం కూడా ఏటి వైపు వాలి దిగిపోతుంది.

ఆ ఇసుక లోపల ప్రాణం కూడా ఉంది. రేణువుల సందుల్లో సూక్ష్మజీవులు, కంటికి ఆనని పురుగులు కాపురముంటాయి. మురుగును అరగదీసి నీటిని తేటపరిచేది ఆ సమూహమే. వరదకు పైనున్న పురుగుల పిల్లలు ఆ సందుల్లోకి దూరి ప్రాణం కాపాడుకుంటాయి, ఎండకూ అంతే. ఇసుకను లారీల లెక్కన మాత్రమే చూసే కంటికి ఇది కనబడదు.

2022లో జిల్లాలు విడదీసినప్పుడు తోటపల్లి మన్యం జిల్లాకు పోయింది, వంగర విజయనగరంలోకి వచ్చింది. ఏటి పరీవాహక గీత మాత్రం కొండల నెత్తి మీద ఎక్కడున్నది అక్కడే ఉంది. ఏ గెడ్డలో పడిన చినుకు ఏ ఏటికి చేరుతుందో చెప్పే గీత అది. విజయనగరం వైపు చంపావతి ఆండ్ర కొండల్లో పుట్టి కోనాడ దగ్గర, గోస్తనీ అనంతగిరి కొండల్లో పుట్టి తాటిపూడి మీదుగా భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తాయి. ఇవి చిన్న ఏర్లు. చిన్న ఏటికి ఓర్పు తక్కువ. పరీవాహకంలో కాస్త అడవి తగ్గినా వాన నీరు ఒక్కరోజులో దిగిపోయి, మర్నాటికి ఇసుక తేలుతుంది.

ముక్కు చెప్పే కథ

టెక్కలి మండలం తేలినీలాపురంలో చింతచెట్ల మీద ప్రతి చలికాలం గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచికి వానలతో పాటే నత్తగుల్ల కొంగలు వస్తాయి. రెండు ఊళ్లలోనూ వాటిని కొట్టనివ్వరు. అవి వస్తే ఊరికి మంచిదని నమ్మకం. ఈ నమ్మకం ఏ చట్టమూ చేయలేని పని చేసింది.

ఒక్క విషయంలో మాత్రం సవరణ అవసరం. పత్రికలు, పర్యాటక బోర్డులు ఏటా ‘సైబీరియా అతిథులు’ అని రాస్తాయి. మచ్చల ముక్కు గూడబాతు భారత ఉపఖండం, దాని తూర్పున ఉన్న దేశాల పక్షి. సైబీరియాలో అది గూడు కట్టదు. ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ కూడా ఈ వెచ్చటి ప్రాంతాల పిట్టలే. సైబీరియా, మధ్య ఆసియా నుంచి నిజంగా వచ్చేవి సూదితోక బాతు లాంటివి. అవి ఇక్కడ చలికాలం మేసి వెళ్తాయి, గుడ్లు పెట్టవు. ఈ తేడా పండితుల చాదస్తం కాదు. అతిథి అంటే ఎక్కడో ఇల్లున్నది. తేలినీలాపురం చింతకొమ్మ మీద పుట్టిన పిల్లకు ఇదే పుట్టిల్లు. ఇక్కడ గూడు చెడితే వెళ్లి తలదాచుకోవడానికి సైబీరియాలో దానికి ఏమీ లేదు.

గూడు ఒక్కటే కాపాడితే చాలదు. గుడ్డు పొదగడానికి దాదాపు నెల, ఆ పైన పిల్ల సొంతంగా ఎగిరి మేసేదాకా మరికొన్ని నెలలు తల్లిదండ్రులు రోజూ చేప తెచ్చిపెట్టాలి. ఆ చేప చింతచెట్టు కింద దొరకదు. నౌపడ వైపు తంపరలో, అంటే తీరం పక్కన నీరు నిలిచే పల్లంలో, చుట్టుపక్కల చెరువుల్లో, పొలాల్లో దొరుకుతుంది. కాబట్టి ఆ పక్షి ఆవాసం ఊళ్లోని చెట్టుతో మొదలై కొన్ని కిలోమీటర్ల అవతలి పల్చటి నీటి దాకా పోతుంది. చెట్టు చుట్టూ కంచె వేసి తంపరను పూడ్చితే రక్షణ కేంద్రం బోర్డు మాత్రం మిగులుతుంది. సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి దగ్గర ఆ తంపర నేలలో తలపెట్టిన థర్మల్ కేంద్రం మీద 2011లో జరిగిన గొడవలో పక్షుల ప్రస్తావన ఊరికే రాలేదు.

ఇన్ని రకాల పక్షులు ఒకే నీటిలో కొట్టుకోకుండా ఎలా మేస్తాయి? ముక్కుల్ని చూస్తే తెలుస్తుంది. గూడబాతు లోతు నీటిలో ఈదుతూ కింది ముక్కుకున్న సంచితో చేపను నీటితో సహా తోడుకుంటుంది. ఎర్రకాళ్ల కొంగ మోకాటి లోతు లోపు నీటిలో నిలబడి, సగం తెరిచిన ముక్కును నీటిలో అటూ ఇటూ ఊపుతుంది, ఏదైనా తగిలితే టక్కున మూస్తుంది. కన్నుతో పని లేదు, మసక నీరైనా ఫర్వాలేదు. నత్తగుల్ల కొంగ ముక్కు మధ్యలో ఉన్న సందు చూసి దానితో గుల్లను నొక్కి పగలగొడుతుందని అనుకుంటారు. నిజానికి అది పగలగొట్టదు. గుల్లను ముక్కుతో పట్టి, కింది ముక్కు కొనను మూత కిందికి పోనిచ్చి కండరం కోసి నత్తను బయటికి లాగుతుంది. లకుముకి పైనుంచి దూకుతుంది. తెల్లకొంగ అంచున కదలకుండా కాచుకుంటుంది. ఒక్కొక్కదానిది ఒక్కో లోతు, ఒక్కో మేత, ఒక్కో పద్ధతి. దీన్నే జీవనస్థానం అంటారు. నీటి లోతు మూడడుగులకు స్థిరపడిపోతే ఈ జాబితాలో సగం పక్షులకు కాలు మోపే చోటు ఉండదు.

ఇంత మంది తినడానికి కింద ఎంత ఉండాలన్నది ఇంకో లెక్క. నాచు నుంచి పురుగుకు, పురుగు నుంచి చిన్న చేపకు, చిన్న చేప నుంచి పెద్ద చేపకు, అక్కడి నుంచి పక్షికి వెళ్లే ప్రతి మెట్టు దగ్గర ఇంచుమించు పదో వంతు శక్తి మాత్రమే పైకి పోతుందని స్థూలమైన అంచనా. మిగతాది ఊపిరికి, కదలికకు, వ్యర్థానికి ఖర్చు. అందుకే పైమెట్టు మీద ఉన్న పక్షులు అన్నిటికన్నా ముందు తగ్గుతాయి. వాటి రాక తగ్గిన ఏడాది వెతకాల్సింది చెట్టు మీద కాదు, నీటి అడుగున.

తెల్లవారుజామున తేలే చేపలు

చెరువులో చేపలు తెల్లవారే వేళ పైకి తేలి నోళ్లు తెరవడం పల్లెల్లో చాలామంది చూసే ఉంటారు. విషం కలిపారని అనుమానాలు, తగాదాలు కూడా వస్తుంటాయి. చాలాసార్లు కారణం ప్రాణవాయువు. వెచ్చటి నీరు గాలిని తక్కువ ఇముడ్చుకుంటుంది: 20 డిగ్రీల నీటిలో లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. పగలు నాచు, మొక్కలు ప్రాణవాయువు ఇస్తాయి. రాత్రి అవి కూడా పీల్చుకుంటాయి. పొలాల ఎరువు, ఊరి మురుగు చేరి నాచు దట్టమైన చెరువులో పగలు మరీ ఎక్కువ, రాత్రి మరీ తక్కువ. తెల్లవారేసరికి అడుగంటుతుంది. కొర్రమీను, మార్పు గాలి నేరుగా మింగి బతికిపోతాయి, మిగతావి చస్తాయి. ఒక చెరువులో చివరికి కొర్రమీనే మిగిలిందంటే అది చెరువు గొప్పతనానికి గుర్తు కాదు.

దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపుడెక్క దీన్ని ఇంకా ముదురుస్తుంది. ఎండను కిందికి పోనివ్వదు, గాలిని నీటికి తగలనివ్వదు. అయితే అది రోగమా, రోగ లక్షణమా అన్నది చూసుకోవాలి. ఎరువు, మురుగు చేరని చెరువులో అది అంతగా విజృంభించదు. మురుగు కాలువను అలాగే ఉంచి ఏటా డెక్క పీకించడం కాంట్రాక్టర్లకు తప్ప చెరువుకు మేలు చేయదు.

మొగ దగ్గర

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర తీపి నీరు తేలిక, ఉప్పు నీరు బరువు. పోటు సమయంలో ఉప్పు నీరు అడుగున నాలుకలా లోపలికి చొచ్చుకొస్తుంది, తీపి నీరు దాని మీదుగా బయటికి జారుతుంది. వరద కాలంలో ఆ నాలుక సముద్రంలోకి వెనక్కి పోతుంది, వేసవిలో కిలోమీటర్ల లోపలికి వస్తుంది. కళ్లేపల్లి, కళింగపట్నం, కోనాడ మొగల్లో ఏటా జరిగే ఈ ముందువెనకల వల్ల రోజుకో ఉప్పదనం. దాన్ని తట్టుకునే రకాలు తక్కువ. తట్టుకున్నవి మాత్రం విపరీతంగా పెరుగుతాయి, ఎందుకంటే ఏరు తెచ్చిన పోషకమంతా అక్కడే దిగుతుంది. సముద్రపు రొయ్యలు, కొన్ని చేపలు పిల్లలుగా ఇక్కడికే వచ్చి పెరుగుతాయి. వేసవిలో ఏటి ధార బలహీనపడినప్పుడు అలలు మేట వేసిన ఇసుక మొగను మూస్తుంది. తొలి వరద దాన్ని తెంచుకుని పోతుంది. ఎగువన ప్రతి చుక్కా ఆపేస్తే ఆ తెంపే శక్తి తగ్గి, మొగ మూసి ఉండే రోజులు పెరుగుతాయి. ‘సముద్రంలో వృథాగా కలుస్తున్న నీరు’ అనే మాట ఎన్నికల సభల్లో బాగా పండుతుంది. మొగ దగ్గర వల వేసేవారు దాన్ని ఒప్పుకోరు.

ఆ ఇసుక సంగతి అక్కడితో ఆగదు. తూర్పు కనుమల రాయి అరిగి ఏటి ఇసుకైంది, ఏటి ఇసుక 193 కిలోమీటర్ల శ్రీకాకుళం తీరానికి బీచ్ అయింది. చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఆ ఇసుకలోనే గుంట తవ్వి, ఒక్కొక్కటి వంద పైచిలుకు గుడ్లు పెట్టి పోతాయి. యాభై రోజులు అటూ ఇటుగా పిల్లలు వస్తాయి. ఇసుక వెచ్చగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువ. ఆనకట్ట వెనక ఆగిన ఇసుకకూ, లారీలో పోయిన ఇసుకకూ తీరాన ఒక గూడు తగ్గడానికీ మధ్య దూరం వంద కిలోమీటర్లు ఉండవచ్చు, కానీ గొలుసు ఒకటే.

నౌపడ తంపరలో ఉప్పు మడులు చాలాకాలంగా ఉన్నాయి. పల్చటి ఉప్పునీటి మడిలో కూడా కొన్ని పక్షులు మేస్తాయి. రొయ్యల చెరువుది వేరే సంగతి. నిటారు గట్లు, లోతు నీరు, మందులు, వలలు. మ్యాపు మీద రెండూ నీలం రంగే. పక్షికి ఒకటి పళ్లెం, ఇంకొకటి గోడ.

చట్టం కూడా ఈ రంగుల దగ్గరే తడబడుతుంది. 1971 నాటి రామ్‌సర్ ఒప్పందం చిత్తడి నేలకు చాలా విశాలమైన నిర్వచనం ఇచ్చింది. పాటులో ఆరు మీటర్ల లోతు దాటని సముద్రపు నీరు కూడా అందులోకి వస్తుంది. 2017లో వచ్చిన మన చిత్తడి నేలల నిబంధనలు ఏటి కాలువల్ని, వరి మడుల్ని, తాగునీటికీ సాగుకూ ఉప్పుకూ చేపల పెంపకానికీ ప్రత్యేకంగా కట్టిన వాటిని పక్కన పెట్టాయి. పాలనకు అది సౌకర్యం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు దాని అర్థం ఏమిటంటే, ఇక్కడి నీటి ఆవాసాల్లో పెద్ద భాగం, అంటే వేలాది సాగు చెరువులు, వాటి కింది వరి మడులు, ఏర్లు ఆ నిబంధనల గొడుగు కిందికి రావు. మిగిలేవి బీలలు, తంపరలు. బంజరని రాసిపెట్టడానికి అన్నిటికన్నా వీలైనవి అవే.

2006-07 ఉపగ్రహ చిత్రాలతో తయారైన జాతీయ చిత్తడి నేలల అట్లాస్ ఒక మంచి పని చేసింది. ప్రతి చోటునూ వానలకు ముందు ఒకసారి, వానల తర్వాత ఒకసారి చూసి, రెండు విస్తీర్ణాలూ ఇచ్చింది. 2.25 హెక్టార్ల లోపు ఉన్నవాటిని మాత్రం చుక్కలుగా వదిలేసింది. ఊరి చెరువుల్లో, గెడ్డ పక్క మడుగుల్లో చాలా వరకు ఆ చుక్కలే. వాటికి హద్దు వేయాల్సింది పంచాయతీ, రెవెన్యూ సిబ్బంది. ఆ హద్దు ఏ నెలలో వేస్తారన్నది ముఖ్యం. మే నెలలో గొలుసు పట్టుకుని కొలిస్తే చెరువు గర్భంలో సగం ప్లాట్లకు ఖాళీగా కనబడుతుంది. అక్టోబర్‌లో, వాయుగుండం వెళ్లిన మర్నాడు కొలిస్తే, మదుము (తూము) దగ్గరి రాయి నుంచి అవతలి చింతతోపు మొదలు దాకా నీరు ఎక్కడెక్కడ నిలిచిందో ఎవరినీ అడగకుండానే తెలుస్తుంది.